మేకో సతోమురాకు ఆ నాలుగు లైన్లు సరిపోవు

సంపాదకుడు గారికి నమస్కారం.

జపాన్ మల్లయోధురాలు మేకో సతోమురా రిటైర్ అయినప్పుడు మీ క్రీడల పేజీలో అడుగున ఒక మూల నాలుగు లైన్లు వేశారు. అందులో రెండు లైన్లు ఆమె అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో ఛాంపియన్ బెల్టు గెలిచిందని, ఒకటి వయసు 45 అని, ఆఖరుది మాత్రం డెస్కులో ఎవరో సరదాకి రాసినట్టు "ముందే రాసిపెట్టుకున్న ఫైటింగులకు ఇక సెలవు" అని. అప్పుడే ఉత్తరం రాద్దామనుకుని పనుల్లో పడి ఊరుకున్నాను. ఈ మధ్య మా స్కూల్లో తాలీంకు, అంటే కుస్తీ నేర్పే చోటుకు వెళ్లే ఒక పిల్ల ఆ కటింగ్ దాచుకుని తెచ్చి "మేడమ్, ఈమె నిజంగా కొట్లాడదా?" అని అడిగింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

నాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వైపు, పీటీ టీచర్ని. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, పేపరు మీదే.

ముందు ఆ నాటకం సంగతి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే, అందులో దాచేదేమీ లేదు. కీచకుణ్ణి భీముడు చంపుతాడని తెలిసే కదా మనవాళ్లు తెల్లారేదాకా వీధిభాగవతం ముందు కూర్చునేది. కానీ మనిషి గాల్లోకి లేచి వీపు మీద పడటం మాత్రం ఎవరూ రాసిపెట్టలేరు, తల ఒక్క జానెడు అటూ ఇటూ అయితే మెడ పోతుంది. సతోమురా 30 ఏళ్లు అలా పడింది. నీగాతాలో పుట్టి, చిన్నప్పటి నుంచి జూడో చేసిన పిల్ల, జూడోలో అన్నిటికంటే ముందు నేర్పేదే దెబ్బ తగలకుండా పడటం. బహుశా అందుకే అంత కాలం నిలబడింది అని నా అంచనా, మిగతావాళ్లు ఏమంటారో తెలీదు.

ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్తే ఆమె సంగతి సగం తెలుస్తుంది. చిగుసా నగాయో అని 1980ల్లో జపాన్ టీవీలో సినిమా తారలంత పేరున్న మల్లయోధురాలు, లయనెస్ అసుకాతో కలిసి క్రష్ గాల్స్ అనే జోడీ. 1985 ఆగస్టు 28న ఒసాకాలో డంప్ మత్సుమోతో అనే విలన్ చేతిలో ఓడి, పందెం ప్రకారం రింగులోనే గుండు కొట్టించుకుంటే చూడటానికి వచ్చిన బడిపిల్లలు వెక్కివెక్కి ఏడ్చారు. అప్పట్లో వాళ్లు ఆడే రెజ్లింగ్ కంపెనీలో ఆడవాళ్లకు మందు, సిగరెట్, మగస్నేహం మూడూ నిషేధం, దానికి తోడు 26 ఏళ్లు వస్తే సర్దుకుని ఇంటికెళ్లిపోవాలి. మగ పహిల్వాన్లకు ఇలాంటి రూలు ఎక్కడైనా విన్నారా? ఆ నగాయో కూడా 1989లో తప్పుకుంది, కొన్నేళ్లకు తిరిగొచ్చి గాయియా జపాన్ అని సొంత కంపెనీ పెట్టింది. దాని మొదటి షో 1995 ఏప్రిల్ 15న టోక్యోలో కొరాకుయెన్ హాల్లో జరిగింది. ఆ రోజే సతోమురా మొదటిసారి రింగెక్కింది, అప్పటికి వయసు 15.

ఇక్కడిదాకా మంచి శిష్యురాలి కథే, ఇలాంటివి చాలా ఉంటాయి. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతది, మీ నాలుగు లైన్లలో ఒక్క ముక్క కూడా లేనిది.

2005లో గాయియా మూతపడింది. చేతిలో పదేళ్ల అనుభవం, పేరు ఉన్న మనిషి ఏం చేస్తుంది? టోక్యోలోనే ఇంకో కంపెనీలో చేరుతుంది, ఎందుకంటే జపాన్‌లో ఈ వ్యాపారమంతా అక్కడే, హాళ్లూ టీవీలూ పత్రికలూ అక్కడే. ఈమె మాత్రం జిన్సెయ్ షిన్జాకీ అనే సీనియర్‌తో కలిసి టోక్యోకు ఉత్తరాన మూడొందల యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సెండాయ్‌లో కొత్తగా ఆడవాళ్ల కంపెనీ పెట్టింది. పేరు కూడా ఊరి పేరే, సెండాయ్ గర్ల్స్. 2006 జూలై 9న మొదటి షో. ఊళ్లోనే కొత్త పిల్లల్ని తీసుకుని మొదటి నుంచి తయారుచేశారు. సెండాయ్ మరీ చిన్న ఊరేం కాదు లెండి, పది లక్షల పైన జనాభా, ధర్మాబాద్‌తో పోలిస్తే నవ్వుతారు, అయినా టోక్యో వాళ్లకు అది దూరపు ఊరే.

అక్కడ కుదురుకుంటున్న సమయంలో 2011 మార్చి 11న భూకంపం, సునామీ. టీవీలో నల్లటి నీళ్లు పొలాల మీదుగా దూసుకురావడం, సెండాయ్ ఎయిర్‌పోర్టు మునిగిపోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. ఊరే కాళ్ల మీద నిలబడలేని ఆ ఏడాదే సతోమురా కంపెనీ అధ్యక్ష బాధ్యత నెత్తిన వేసుకుంది. అంటే రింగులో దెబ్బలు తినాలి, పిల్లలకు నేర్పాలి, జీతాలు, హాళ్ల అద్దెలు కూడా చూసుకోవాలి. కంపెనీని టోక్యోకు తరలించలేదు. దీన్ని కదా వార్త అంటారు?

ఇంకోటి చెప్పాలి. మామూలు కుస్తీ నేపథ్యం నుంచి వచ్చిన చిహిరో హషిమోటో 2015లో ఈ కంపెనీలోనే ప్రొఫెషనల్ అయింది, ఏడాది తిరిగేసరికి 2016లో ఆ కంపెనీ పెద్ద బెల్టుకు సతోమురానే ఓడించింది. ఫలితం ముందే రాసిపెట్టుకునే ఆట అని మీరే అన్నారుగా. మరి యజమానురాలు, అందరికంటే పేరున్న మనిషి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేతిలో తానే ఓడిపోవడానికి ఒప్పుకోవడం ఏమిటో ఆలోచించండి. మన దగ్గర తాలీం ఉస్తాదులు నడుములు పడిపోయినా శిష్యులకు ముందు వరస ఇవ్వరు, క్రికెట్ సంఘాలూ రాజకీయాలూ నేను వేరే చెప్పక్కర్లేదు.

డబ్ల్యూడబ్ల్యూఈ సంగతి మీరే రాశారు కాబట్టి క్లుప్తంగా. 2018లో వాళ్ల మే యంగ్ క్లాసిక్ టోర్నీలో సెమీస్ దాకా వెళ్లింది, 2021లో ఇంగ్లండ్ శాఖలో ఆటగత్తెగా, కోచ్‌గా చేరి ఆ జూన్‌లో అప్పటి ఛాంపియన్ కే లీ రేని ఓడించి బెల్టు తీసుకుంది. కే లీ రే అప్పటికి దాన్ని 649 రోజులుగా పట్టుకుని ఉంది. కరోనా రోజులు, లండన్ స్టూడియోలో ఎదురుగా జనం లేకుండా జరిగిన మ్యాచ్‌లవి. అక్కడ సతోమురాను ఫైనల్ బాస్ అనేవాళ్లు, వీడియో గేముల్లో ఆఖర్న ఎదురయ్యే పెద్ద శత్రువులాగా. బాగుంది, పిల్లలకు కూడా నచ్చింది, కాకపోతే ఆమె జీవితంలో నాకు అది చిన్న భాగంలానే కనిపిస్తుంది. మొదలుపెట్టిన ఆ కొరాకుయెన్ హాల్లోనే 2025 ఏప్రిల్ 29న ఆపేసింది.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మా వైపు సంగతి మీకు తెలియంది కాదు. బాసర దాటితే మేము మహారాష్ట్రవాళ్లం అని మీ జిల్లా పేజీ ఆగిపోతుంది, మరాఠీ పేపర్లకేమో మేము తెలుగువాళ్లం. జాతర కుస్తీలు మాత్రం ఏ రాష్ట్రం అని అడగవు, నిజామాబాద్ నుంచి, నిర్మల్ నుంచి కూడా పహిల్వాన్లు వస్తారు, కొబ్బరికాయ బహుమతి కుస్తీతో మొదలై వెండి కడెం బహుమతి కుస్తీతో ముగుస్తాయి. ఇప్పుడు ఆడపిల్లల జోడీలు కూడా పెడుతున్నారు, జనం ఈలలు కాదు చప్పట్లే కొడుతున్నారు, నా కళ్లతో చూశాను. రాష్ట్ర స్థాయిలోనూ మగవాళ్లకు 1961 నుంచి ఉన్న మహారాష్ట్ర కేసరి కుస్తీ పోటీ ఆడవాళ్లకు 2023లో సాంగ్లీలో మొదలైంది, ప్రతీక్షా బాగ్డీ గెలిచింది.

కానీ మా దగ్గర ఒక పిల్ల కాస్త బాగా పట్టు పడుతోందంటే చాలు, కొల్హాపూర్ పంపండి, పుణె పంపండి అని అందరూ సలహా ఇచ్చేవాళ్లే. రాత్రంతా ప్రయాణం, హాస్టలు, ఖర్చు, ఆడపిల్ల అన్న టెన్షన్ వేరే. తండ్రి మిర్చి మార్కెట్లో హమాలీ అయితే ఆ మాట అక్కడితో సరి, పిల్ల పదో తరగతిలో కుస్తీ మానేస్తుంది. పెద్ద ఊరికి పంపడం తప్ప ఇక్కడే ఒక మ్యాట్, ఒక లేడీ కోచ్ పెడదామని ఎవరి నోటా రాదు. సెండాయ్‌లో సతోమురా చేసింది ఇదే కదా.

కాబట్టి నా విన్నపం రెండు. ఆమె మీద ఒక సరైన వ్యాసం వేయండి, ఆదివారం అనుబంధంలో సగం పేజీ ఇచ్చినా చాలు, ఆ వెక్కిరింపు లైను లేకుండా. రెండోది, ఈసారి జాతరలకు మీ విలేకరిని గోదావరి ఇవతలికి పంపండి. ఆడపిల్లల కుస్తీలు మొదట్లోనే కానిచ్చేస్తారు, కడెం కుస్తీ ఫొటో కోసం సాయంత్రం వస్తే ఒక్క జోడీ కూడా మిగలదు.

ఇట్లు,
ఒక పీటీ టీచర్,
ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా