కెమెరా పర్యవేక్షణ పరీక్షలను ఎందుకు ఆపుతున్నాం: విశ్వవిద్యాలయ విభాగాలకు మా వివరణ

గౌరవనీయులైన అధ్యాపకులకు, పరీక్షల విభాగాల బాధ్యులకు నమస్కారం.

మా చిన్న సంస్థ మీకు అందిస్తున్న రెండు సేవల్లో ఒకటైన ఆన్‌లైన్ పరీక్షల కెమెరా పర్యవేక్షణను ఈ విద్యాసంవత్సరంతో ముగిస్తున్నాం. పాఠాల రికార్డింగు సేవ కొనసాగుతుంది గాని దాని తీరు మారుతుంది. ఇందుకు కారణాలను, వాటిలో మా పొరపాట్లను కూడా, దాచకుండా మీ ముందుంచడం మా బాధ్యత.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొంది. ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో విద్యాసంస్థలు మూతపడ్డాయని, 150 కోట్ల మందికి పైగా విద్యార్థుల చదువు దెబ్బతిందని యునెస్కో లెక్కగట్టింది. ఆ వారాల్లో మీరు అడిగిందల్లా మేము చేసిపెట్టాం. అయితే నెలల తరబడి ఆలోచించి రూపొందించే ఆన్‌లైన్ కోర్సు వేరు, తరగతి గదిలో చెప్పే గంట పాఠాన్ని ఉన్నపళంగా తెర మీదికి ఎక్కించడం వేరు. మేము చేసింది రెండోది. ఆ తేడాను మీకు ఆనాడే స్పష్టంగా చెప్పి ఉండవలసింది.

రికార్డింగు విషయంలో మా దృష్టి అంతా బొమ్మ నాణ్యత మీదే ఉండిపోయింది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున సాగే గంట వీడియోకు దాదాపు 450 మెగాబైట్ల డేటా ఖర్చవుతుంది. అదే పాఠాన్ని సెకనుకు 32 కిలోబిట్ల శబ్దంగా పంపితే 15 మెగాబైట్లు కూడా దాటదు. ఒకే ఫోనును తోబుట్టువులతో పంచుకునే విద్యార్థికి ఈ తేడా పాఠం అందడానికీ అందకపోవడానికీ మధ్య ఉన్న తేడా. ఇకపై ప్రతి పాఠానికీ వీడియోతో పాటు ఆడియో ప్రతిని, చదువుకునేందుకు మాటల ప్రతిని తప్పనిసరిగా ఇస్తాం. ప్రయోగశాల పాఠాలకు మాత్రం మా దగ్గర పరిష్కారం లేదు: ద్రావణం రంగు మారే క్షణాన్ని కెమెరా చూపగలదు గాని, ద్రవాన్ని చుక్కలుగా వదిలే గాజు గొట్టమైన బ్యూరెట్ కుళాయిని తిప్పే చేతికి రావలసిన అదుపును నేర్పలేదు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది పరీక్షల సంగతి. విద్యార్థి చూపు పక్కకు మళ్లినా, గదిలో ఇంకెవరి మాటైనా వినబడినా, ముఖం సరిగా కనబడకపోయినా సాఫ్ట్‌వేర్ ఒక గుర్తు పెడుతుంది. మసక వెలుతురులోనూ, ముదురు రంగు చర్మం గలవారి విషయంలోనూ ముఖాన్ని పోల్చుకోవడంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు తడబడతాయి. కుటుంబమంతా ఒకే గదిలో మెలిగే ఇంట్లో, ప్రశ్నను పెదవులతో చదువుకునే అలవాటున్న విద్యార్థి ఏ తప్పూ చేయకుండానే పదే పదే ఈ గుర్తుకు చిక్కుతాడు. మేము దానికి మా నివేదికల్లో ‘అనుమానాస్పదం’ అని పేరు పెట్టాం, చదివినవారు కాపీ కొట్టినట్లే భావించారు. ఆ మాటను ఎంచుకున్నది మేమే కనుక ఆ భావనకు బాధ్యులమూ మేమే.

2022 ఆగస్టులో అమెరికాలోని ఒహాయోలో ఒక ఫెడరల్ న్యాయస్థానం, క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరీక్షకు ముందు విద్యార్థి గదిని కెమెరాతో చూపించమనడం అక్కడి రాజ్యాంగ రక్షణకు విరుద్ధమైన సోదా అని తీర్పు చెప్పింది. మా సేవలోనూ అదే గది తనిఖీ ఉంది. ఆ తీర్పు ఇతర దేశాలను కట్టడి చేయదు, నిజమే; కానీ అది చదివాక ఆ సేవను అమ్మడానికి మాకు మనసొప్పలేదు. పైగా మీలో కొన్ని విభాగాలు పుస్తకం చూసి రాసే ప్రశ్నలకూ, పది నిమిషాల మౌఖిక పరీక్షలకూ మారి, మా అవసరమే లేకుండా విద్యార్థుల అవగాహనను మాకన్నా బాగా అంచనా వేయగలిగాయి.

ఈ నిర్ణయం వల్ల మా రాబడి గణనీయంగా తగ్గుతుంది, అందువల్ల రికార్డింగు పనులకు ఇదివరకటి కన్నా ఎక్కువ గడువు అడగవలసి వస్తుంది. పర్యవేక్షణకు మీరు ముందుగా చెల్లించిన మొత్తంలో మిగిలిన భాగాన్ని తిరిగి ఇస్తాం. మా వద్ద ఉన్న పరీక్షల వీడియోలన్నిటినీ చెరిపివేసి, ఆ సంగతిని ప్రతి విభాగానికీ రాతపూర్వకంగా తెలియజేస్తాం. ఏ విద్యార్థి ఫిర్యాదైనా ఇంకా తేలకుండా ఉంటే దయచేసి ముందే చెప్పండి. ఆ వీడియోను విడిగా ఉంచి, ఆ విద్యార్థి స్వయంగా చూసి తన మాట చెప్పుకున్న తరువాతే తొలగిస్తాం.