పంపు దించొద్దు, ముందు డబ్బా కట్టు

విజయవాడ
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, ఆలస్యానికి ఎన్ని తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నోడికి బడి తెరిచారు. మిగతా కబుర్లు తర్వాత. "యాభై దాటితే లారీ లాగట్లేదు, మేస్త్రి డీజిల్ పంపు దించాలంటున్నాడు" అని రాశావు చూడు, అప్పట్నుంచీ నా మనసంతా అక్కడే ఉంది.

దించనివ్వకురా! పంపు ఒకసారి టెస్టు బెంచీ ఎక్కిందంటే, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ కూడా మార్చమంటారు, ఖర్చు అక్కడితో ఆగదు.

నీ మాటల్లోనే సగం జవాబుంది. కింది గేర్లలో బాగానే లాగుతోంది, నల్లపొగ లేదు, రెండు నిమిషాలు నిండుగా తొక్కితే నీరసపడుతోంది, కాసేపు తగ్గిస్తే మళ్లీ అందుకుంటోంది. నల్లపొగ కక్కుతుంటే గాలి చాలట్లేదని అర్థం: ఎయిర్ ఫిల్టరో, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టమో చూడమనేవాణ్ని. పొగ లేకుండా బలం పోతోందంటే డీజిలే అందట్లేదు. నీ 130 హార్స్‌పవర్ ఇంజన్ ఐడిల్‌లో గంటకు రెండు లీటర్లు కూడా తాగదు, నిండు లోడులో పాతిక దాకా తాగుతుంది. సగం పూడిన గొట్టం ఆ రెండు లీటర్లకు చాలుతుంది, పాతికకు చాలదు. ఎక్కువ స్పీడులోనే బయటపడటం అందుకే.

రెండు సంగతులు మాత్రం ముందే తేల్చుకో. బండి నీరసపడినప్పుడు ఇంజన్ తిరిగే వేగం పెరుగుతూ బండి స్పీడు పెరగకపోతే అది క్లచ్ జారడం. పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ తొక్కకుండా ఆపి, డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టు (ఆనించకు, కాలుతుంది). ఒక్కటే సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసింది. ఇంకా స్పీడ్ గవర్నర్... నీది 80కి కట్టిందే కదా, యాభైలో దాని పాత్ర ఉండదు, వదిలేయ్.

ఇప్పుడు అసలు పని. బండి నీరసపడగానే పక్కన ఆపి టాంకు మూత తిప్పు. బుస్సుమని గాలి లోపలికి పోయిందా, మూతలో గాలిరంధ్రం పూడిపోయినట్టే. గాలి లోపలికి పోకపోతే డీజిల్ బయటికి రాదురా, నీకు వేరే చెప్పాలా! రంధ్రం శుభ్రం చేస్తే పని అయిపోయింది.

బుస్సు లేదా, డబ్బా కట్టు. 20 లీటర్ల డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, క్యాబిన్ బయట గట్టిగా బిగించు. ఫీడ్ పంపుకొచ్చే (టాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) గొట్టం తీసి, కొత్త గొట్టం డబ్బాలోకి వెయ్యి. మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపే రిటర్న్ గొట్టాన్నీ డబ్బాలోకే తిప్పు, మరిచిపోతే డీజిలంతా టాంకులోకి పోయి దారిలో ఆగిపోతావు. చేతి పంపు కొట్టి ఎయిర్ తీసి, అదే లోడుతో అదే రోడ్డు మీద నడుపు.

డబ్బాతో బాగా లాగితే పంపు నిర్దోషి! లోపం టాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యే ఉంది. టాంకులోని జాలీ చూడు. చెత్త పీల్పుకి దానికి అతుక్కుని, ఆపగానే రాలిపోతుంది. నీ బండి కాసేపటికి అందుకోవడం అచ్చం ఇలాగే ఉంది. తర్వాత రబ్బరు గొట్టం. పైకి కొత్తదిలా ఉన్నా లోపలి పొర ఊడి పీల్పుకి తలుపులా మూసుకుంటుంది, చూసి తేల్చలేవు, మార్చెయ్. గొట్టాల చివర్లు బిగించే బోలు బోల్టులు (బాంజో బోల్టులు) విప్పితే రాగి వాషర్లు రెండు వైపులా కొత్తవే వెయ్యి, పాతవి గాలి పీలుస్తాయి. అనుమానముంటే అక్కడ పారదర్శక గొట్టం ముక్క పెట్టు, బుడగలు కంటికే కనిపిస్తాయి.

డబ్బాతోనూ లాగకపోతే ఫీడ్ పంపు కింది గ్లాసులో జాలీ, ఆపైన డీజిల్ ఫిల్టర్లు, ఆపైన పంపులో మిగులు డీజిల్‌ని వెనక్కి వదిలే ఓవర్‌ఫ్లో వాల్వు చూడు. దాని స్ప్రింగు నీరసపడితే పంపులో డీజిల్ ఒత్తిడి నిలవదు. ఇవన్నీ అయ్యాకే పంపు మాట.

మామా, తేలేదాకా నిండు లోడుతో ఘాట్ ఎక్కకు. వెనక బళ్లుండగా నడిమధ్యలో నీరసపడితే... నాకు భయంరా.

మీ అన్న కామన్‌రైల్ బండికీ (అన్ని నాజిల్స్‌కీ ఒకే పైపులోంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ పోయేది) ఇదే వరస, కానీ ఇంజన్ నడుస్తుండగా సన్న ఇనుప పైపుల నట్లు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు. అందులో వెయ్యి బార్లు దాటే ఒత్తిడి, చర్మంలోకి దిగిపోతుంది. టర్బో గొట్టాల సబ్బునీళ్ల పరీక్ష కూడా రాద్దామనుకున్నా గానీ, ఈ కవరు తీసుకెళ్లే కుర్రాడు బస్సుకి టైమైందని గుమ్మంలో