సమీరా, పక్క టీమ్ నీకు శత్రువు కాదు

సమీరా,

నీ ఫోన్ వచ్చి చాలా రోజులైంది. పని ఎక్కువగా ఉందేమో. మెడనొప్పి తగ్గిందా? స్క్రీన్ కాస్త ఎత్తులో పెట్టుకోమన్నాను, పెట్టుకున్నావో లేదో. నాన్న బీపీ అదుపులోనే ఉంది. బుజ్జిగాడు పరీక్షలు బాగానే రాశాడట.

నిన్న మామయ్య మాటల మధ్యలో, మీ కంపెనీ రెండు ల్యాప్‌టాప్ లైన్లలో ఒకటి ఆపేస్తుందట అన్నాడు. ఏదో అతనికీ తెలియదు. గుర్తొచ్చి రాస్తున్నాను, అంతే. నువ్వేం చెప్పక్కర్లేదు. కానీ పోయినసారి నువ్వు రెండో లైన్ చూసే పక్క టీమ్ గురించి మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు. వాళ్ళూ నువ్వూ ఒకే చోట జీతం తీసుకుంటున్నారు.

ఆపిల్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. 1983 జనవరిలో వాళ్ళ లీసా కంప్యూటర్ వచ్చింది, ధర 9,995 డాలర్లు. మౌస్, విండోలు అన్నీ ఉన్నాయి. స్టీవ్ జాబ్స్‌ని ఆ ప్రాజెక్టు నుంచి అంతకుముందే తప్పించారు. ఆయన వెళ్ళి అదే కంపెనీలో మాకింతోష్ (మాక్) అనే ఇంకో కంప్యూటర్ పనిని చేతిలోకి తీసుకున్నాడు. మాక్ టీమ్ తమ భవనం మీద సముద్రపు దొంగల జెండా కూడా ఎగరేసింది. రెండింటిలోనూ మోటరోలా 68000 చిప్పే, అయినా ఒకదానికి రాసిన ప్రోగ్రామ్ రెండోదాంట్లో నడవదు. ఏడాది తిరిగేసరికి, 1984 జనవరిలో, మాక్ 2,495 డాలర్లకు వచ్చేసింది. అంత డబ్బు పోసి లీసా కొన్నవాళ్ళకి ఎలా ఉంటుంది చెప్పు? తర్వాత లీసాలో మాక్ ప్రోగ్రాములు నడవడానికి మాక్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు, పేరు మాకింతోష్ ఎక్స్‌ఎల్ అని మార్చారు, 1985లో ఆపేశారు. ఈ హడావిడి జరుగుతున్నంత కాలం కంపెనీని పోషించింది వాళ్ళ పాత కంప్యూటర్ ఆపిల్ 2. ఆ టీమ్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదన్న బాధ, జాబ్స్‌తో కలిసి ఆపిల్ పెట్టిన వోజ్నియాక్‌కి ఉండేది. 1985లో ఆయన అక్కడ రోజువారీ పని వదిలేశాడు. ఆపిల్ 2 లైన్ మాత్రం 1993 దాకా నడిచింది.

రెండు టీమ్‌లు పోటీపడటం తప్పని నేను అనను. ఏది ఎవరి కోసమో తేల్చకుండా రెండింటినీ బజారులోకి వదలడమే తప్పు. నీ లైన్ ఎవరు కొంటున్నారు, వాళ్ళు పక్క లైన్ ఎందుకు కొనరు, ఇది ఒక కాగితం మీద రాసుకో. ఏమీ రాయలేకపోయావంటే ఉన్నది ఒకే లైన్, పేర్లే రెండు. ఆ మాట మీ బాస్ కంటే ముందు నీకే తెలియాలి.

మామయ్య చెప్పింది నిజమే అయితే ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 అనే పెద్ద కంప్యూటర్ల వరసని ప్రకటించింది. ఒకదానితో ఒకటి పొసగని తన పాత లైన్ల స్థానంలో ఒకే కుటుంబం తెచ్చింది. కానీ తన పాత 1401 కంప్యూటర్ వాడేవాళ్ళని గాలికి వదిలేయలేదు. వాళ్ళ పాత ప్రోగ్రాములు 360లోని మోడల్ 30లో నడిచే ఏర్పాటు చేసింది. చేయకపోతే వాళ్ళని ఎగరేసుకుపోవడానికి పోటీ కంపెనీ హనీవెల్ అప్పటికే తన 200 మెషీన్‌తో కాచుకుని ఉంది. కాబట్టి నువ్వు గొడవపడితే ఇప్పటికే కొన్నవాళ్ళ కోసం పడు. బ్యాటరీలు, విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయి? డ్రైవర్ అప్‌డేట్లు ఎవరు చూస్తారు? మీటింగ్‌లో గట్టిగా అడుగు. పక్క టీమ్‌లో బాగా పనిచేసే వాళ్ళతో ఇప్పుడే మాట్లాడటం మొదలుపెట్టు. రేపు కలిసి కూర్చోవాల్సింది వాళ్ళతోనే.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. నిద్ర సరిగా పోతున్నావా? కళ్ళ డాక్టరు రమ్మన్న తేదీ దాటిపోయింది, వెళ్ళు. నీ లైనే ఆపేస్తున్నారా, రెండోదా? చెప్పడం ఇష్టం లేకపోతే అక్కకైనా చెప్పు, నేను దాన్ని అడగను. కోపంలో ఎవరికీ మెయిల్ పెట్టకు, ముఖ్యంగా రాత్రిపూట. ఆదివారం నాన్న నంబరుకి ఫోన్ చెయ్యి, ఆయన నీ ఫోన్ కోసం రోజూ చూస్తున్నారు.

అమ్మ