బోర్డు పట్టుకున్నవాడి గోడు

ఒరేయ్ బావా,

ముందు కావలసినంత తిట్టుకో, పడతాను. నీ ఉత్తరానికి జవాబు ఇప్పటికి కుదిరింది. అమ్మ కులాసా, మోకాళ్ళు మాత్రం ఆవిడ మాట వినడం లేదు. నా ఉద్యోగం ఎక్కడ వదిలావో అక్కడే ఉంది. చెల్లికి బదిలీ అయింది, ఆ వివరాలు ఇంకోసారి. ఎందుకంటే నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా సగం కూడా ఎక్కని ముచ్చట ఒకటి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్తే అంతా విని, "ఇంతకీ ఎవరు గెలిచారు?" అన్నారు. గెలుపు గురించి కాదు మహాప్రభో అంటే వింటారా!

మా ఫుట్‌బాల్ టోర్నమెంటు ఫైనల్‌కి నన్ను ఫోర్త్ అఫీషియల్‌గా, అంటే గీత బయట నిలబడే నాలుగో అంపైరుగా వేశారు. నవ్వకు. నంబర్ల బోర్డు ఎత్తాలి, రెండు బెంచీల మధ్య నిలబడి ఇద్దరు కోచ్‌ల తిట్లూ పక్షపాతం లేకుండా తినాలి. రిఫరీ ఎవరనుకున్నావ్? మన పెద్దాయనే! అదే ఈల, అదే పొట్ట. నన్ను చూడగానే "నీ గోల్‌కీపర్ స్నేహితుడు లేసులు కట్టుకోవడం అయిందా?" అని అడిగాడు. టైమ్ తినడంలో నీ కీర్తి అలా ఉంది మరి. అన్నట్టు, 2025లో వచ్చిన రూల్ చూశావుగా? గోల్‌కీపర్ 8 సెకన్లకు మించి బంతిని చేతుల్లో ఉంచుకుంటే అవతలివాళ్ళకి కార్నర్, అంటే మైదానం మూల నుంచి గోల్ వైపు తన్నే అవకాశం. రిఫరీ చెయ్యెత్తి చివరి ఐదు సెకన్లు వేళ్ళ మీద లెక్కపెడతాడు. అంతకుముందు ఉన్న 6 సెకన్ల రూల్‌ని ఎవడూ పట్టించుకోలేదు కాబట్టి నువ్వు అన్నాళ్ళు బతికిపోయావు. ఇప్పుడైతే నీ దుకాణం మూతే.

సరే, విషయానికొస్తాను. ఎర్రజట్టు 1-0తో ముందుంది. తొంభయ్యో నిమిషం దగ్గర, వృథా అయిన టైముకి ఐదు నిమిషాలు కలపమని పెద్దాయన ఐదు వేళ్ళు చూపించాడు, నేను బోర్డు మీద 5 వేసి ఎత్తాను. అప్పటికి నీలంజట్టు కుర్రాళ్ళు చెలరేగిపోయి ఉన్నారు. కార్నర్ మీద కార్నర్. ఎర్రవాళ్ళు బంతిని ఎటు దొరికితే అటు తన్నేస్తున్నారు, కాళ్ళు నిలవడం లేదు. ఇంకో కార్నర్ దొరికింది. కొట్టేవాడు బంతి పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడో లేదో, ఎర్రజట్టు కోచ్ నా భుజం తట్టి "సబ్" అన్నాడు, అంటే ఒకడిని తీసి ఇంకొకడిని దింపాలని. మాకూ ఐదుగురిని మార్చొచ్చు, కానీ ఆట మధ్యలో మార్చే అవకాశాలు మూడే అన్న రూలే. ఈయన రెండు అవకాశాలు సరిగ్గా ఇందుకోసమే జేబులో దాచుకున్నాడు.

బయటికి రావాల్సింది కెప్టెన్, 7 నంబర్. ఎక్కడున్నాడంటే మాకు అవతలి వైపు, కార్నర్ జెండా పక్కన! 2019లోనే రూల్ మారింది కదా, ఎవడెక్కడుంటే అక్కడికి దగ్గరి గీత దాటి బయటపడాలి. పెద్దాయన గోల్ వెనక్కి చెయ్యి చూపించాడు. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటి సార్?" అన్నట్టు మొహం పెట్టాడు. మళ్ళీ చూపించాడు. అప్పుడు గుర్తొచ్చింది దొరగారికి, చేతికి కెప్టెన్ పట్టీ ఉందని. విప్పాడు. ఇవ్వాల్సినవాడు పెనాల్టీ బాక్సులో అటు చివర. నడిచాడు, స్వయంగా చేతికి తొడిగాడు, అంటుకోలేదని మళ్ళీ విప్పి తొడిగాడు. పెద్దాయన ఎల్లో కార్డు తీశాడు. వాడు చక్కగా నవ్వి దండం పెట్టాడు. అయినా మైదానం వదిలి పోయేవాడికి ఎల్లో కార్డు చూపించి ఏం లాభం చెప్పు?

అయితే నేను చూసింది వాడిని కాదు బావా, మిగతావాళ్ళని. ఆ గొడవంతా నడుస్తుండగా ఎర్రజట్టు కోచ్ గీత అంచున నిలబడి ఒక్కొక్కడినీ పేరుపెట్టి పిలిచి ఎవడు ఎవడిని కాయాలో చెప్పేశాడు. అంతకుముందు గోల్ దగ్గరి పోస్టుని కాచేవాడే లేడు, ఇప్పుడు ఒకడు వచ్చి చేరాడు. నీళ్ళు కూడా తాగేశారు. కార్నర్ కొట్టాల్సినవాడేమో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు, పిక్క పట్టేసినట్టుంది, కాలు విదిలించుకుంటున్నాడు. పొంగు వచ్చే పాల మీద నీళ్ళు చల్లినట్టయింది. తీరా కొడితే బంతి మొదటి డిఫెండర్ దగ్గరే ఆగిపోయింది.

నీలంజట్టు కోచ్ నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. "ఎంత కలుపుతారు సార్?" అన్నాడు. బోర్డు మీద చూపించేది కనీస సమయమే, పైన రిఫరీ ఎంతైనా కలపొచ్చు, తగ్గించడానికి మాత్రం వీల్లేదు, ఇంకో నిమిషం కలుపుతారు లెండి అన్నాను. "నిమిషం సరే, మా పిల్లల ఊపు ఎవరు కలుపుతారు?" అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. మనమంతా సెకన్ల లెక్కలో పడి కొట్టుకుంటున్నాం గానీ, దొంగతనం జరిగేది సెకన్లలో కాదు కదా.

ఆగు, అసలు వేడుక ఇప్పుడొస్తుంది.

రెండు నిమిషాల తర్వాత మా వైపే నీలంవాళ్ళకి త్రో-ఇన్, పక్క గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసరడం. ఎర్ర కోచ్ మళ్ళీ "సబ్". నేను బోర్డు మీద 10 ఎత్తాను. ఆ పదో నంబర్ కుర్రాడు ఎవరనుకున్నావ్? టోర్నమెంటులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే కప్పుకి ఒక్క గోల్ దూరంలో ఉన్నవాడు! బోర్డు చూశాడు, కోచ్‌ని చూశాడు, "నేను రాను" అన్నాడు. కోచ్ రమ్మంటాడు, వాడు తల అడ్డంగా తిప్పుతాడు. 2019లో చెల్సీ గోల్‌కీపర్ కెపా, వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్లో రానని మొరాయిస్తే వాళ్ళ కోచ్ సారీ చిందులు తొక్కాడు చూడు, మనిద్దరం పడీ పడీ నవ్వుకున్నాం, అచ్చం అదే. కోచ్ నావైపు తిరిగి "బయటికి పంపించండి సార్!" అంటాడు. నేనెవర్ని పంపడానికి? రూల్ చాలా సాఫీగా ఉంది: బయటికి రావాల్సినవాడు రానంటే ఆట కొనసాగుతుంది, అంతే. పెద్దాయన "బాబూ, మీ ఇంటి గొడవ తర్వాత" అని ఈల వేశాడు.

ఎర్రజట్టు డిఫెండర్లు నలుగురూ బెంచి వైపు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నీలంవాడు త్రో విసిరేశాడు. వీళ్ళ వెనకాల ఒక్కడు ఖాళీగా నిలబడి ఉన్నాడు, అందుకున్నాడు. తమ వెనక ముందే నిలబడి బంతి అందుకున్నాడు, ఆఫ్‌సైడ్ అని చేతులెత్తారు పాపం. త్రో-ఇన్ నుంచి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ ఎక్కడిదిరా! గోల్! 1-1! నేను బోర్డు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, దాని మీద 10 వెలుగుతూనే ఉంది. ఫోర్త్ అఫీషియల్ అన్నవాడు నవ్వకూడదు కాబట్టి బోర్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇక్కడితో ఆపితే కథ ఎంత బాగుండేది. కానీ పెనాల్టీల్లో ఎర్రజట్టే గెలిచింది. ఆ కెప్టెన్ పట్టీ మహానుభావుడే కప్పు అందుకున్నాడు. నాకు రాత్రి నిద్రపట్టలేదంటే నమ్ము.

నువ్వేమంటావో నాకు తెలుసు, గడియారం ఆపేస్తే పోలా అంటావు. 2017లో ఫుట్‌బాల్ రూల్స్ రాసే ఐఫాబ్ వాళ్ళ చర్చాపత్రంలో కూడా ఆ ఆలోచన ఉంది, సగానికి 30 నిమిషాల చొప్పున, బంతి ఆగితే గడియారం ఆగేలా. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఫిఫా రిఫరీల పెద్ద కొలినా పట్టుబట్టి ప్రతి సెకనూ లెక్కకట్టించాడు, ఇంగ్లండ్-ఇరాన్ మ్యాచ్ మొదటి సగానికే 14 నిమిషాలు కలిపారు. మంచిదే, ఆ లెక్క వల్లే నెదర్లాండ్స్ తరఫున వెగోర్స్ట్ అర్జెంటీనా మీద 90+11లో, అంటే తొంభై దాటాక పదకొండో నిమిషంలో, గోల్ కొట్టగలిగాడు. కానీ గడియారం ఆపినా ఆ కార్నర్ కొట్టేవాడి పిక్క పట్టేస్తుంది, కోచ్ పాఠం చెప్పుకుంటాడు. పోనీ, చివర్లో సబ్‌లే వద్దందామా? 2014 ప్రపంచకప్‌లో కోస్టారికా మీద నెదర్లాండ్స్ కోచ్ వాన్ గాల్ 120 నిమిషాలు దాటాక ఇంకో గోల్‌కీపర్ క్రుల్‌ని దింపి, పెనాల్టీల్లో రెండు ఆపించాడు. అది టైమ్ తినడం కాదు, బుర్ర. దాన్ని నిషేధిస్తే నేనొప్పుకోను.

నాకు నచ్చింది అమెరికా మేజర్ లీగ్ సాకర్‌ వాళ్ళు 2024లో పెట్టింది. బయటికి పోవాల్సినవాడు 10 సెకన్లలో పోకపోతే, లోపలికి రావాల్సినవాడు 60 సెకన్లు గీత అవతలే నిలబడాలి. అంటే పదిమందితో ఆ కార్నర్ కాచుకోండి! కెప్టెన్ పట్టీ అప్పుడు తొడగమను చూద్దాం, పళ్ళతో పీకి విసిరేస్తాడు. పది సెకన్లు చాలవంటారా? మైదానం వెడల్పు 68 మీటర్లనుకో, నట్టనడుమ ఉన్నవాడికి కూడా దగ్గరి గీత 34 మీటర్లే. మెల్లగా పరిగెత్తినా సరిపోతుంది. దెబ్బ తగిలి పడినవాడి సంగతి వేరు. కానీ దెబ్బ నిజమా నాటకమా ఎవరు తేల్చాలి అన్నది... అక్కడే నాకూ తెగడం లేదు. నువ్వు పిక్క పట్టుకుని పడిపోయిన ఆ సెమీఫైనల్లో, నిజం చెప్పు, ఏ కాలు? మొదట కుడి పట్టుకున్నావు, డాక్టర్ వచ్చేసరికి ఎడమైంది.

మా రూల్సు పుస్తకంలో ఈ పది సెకన్ల ముక్క చేర్చమని కమిటీకి రాస్తున్నాను. నువ్వూ సంతకం పెట్టాలి. టైమ్ తినడంలో ఆరితేరినవాడే అడిగితే కాదనరు. పెద్దాయన కూడా ఊ అన్నాడు గానీ, ఆయన ఊ అన్నది దేనికో ఎప్పుడు తెలిసింది కనక...

అయ్యో, బండి వచ్చేసింది, కింద నుంచి కేకలేస్తున్నారు. ఆ పదో నంబర్ కుర్రాడు తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒకటి అడిగాడు, అది చెప్పకుండా ఎలా, సరే మళ్ళీ రాస్తా. సంతకం మర్చిపోకు.

నీ బావ