వేసవి బైబిలు తరగతుల్లో జీవుల పట్టిక

సంపాదకులకు,

మా మనవరాలు వేసవి బైబిలు తరగతుల నుంచి ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అందులో జీవుల పట్టిక ఉంది. పులి, సింహం, పెంపుడు పిల్లి ఒక గడిలో, గుర్రం, గాడిద, చారల గుర్రం ఇంకో గడిలో ఉన్నాయి. మనిషి ఒక్కడికే వేరే గడి. పైన ‘శాస్త్రీయ వర్గీకరణ’ అని శీర్షిక. నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం బోధించాను. ఆదివారం ఆరాధన ఏనాడూ మానలేదు. ఆ శీర్షిక చూసి రెండు విధాలా బాధ కలిగింది.

ఆ పట్టికకు మూలం ‘బారమిన్’ అనే మాట. హీబ్రూలో ‘బారా’ అంటే సృష్టించాడు, ‘మిన్’ అంటే రకం. ఈ రెండింటినీ 1941లో ఫ్రాంక్ లూయిస్ మార్ష్ అనే అమెరికా సృష్టివాది (జీవులను దేవుడు వేర్వేరుగా సృష్టించాడనే వాదం ఆయనది) కలిపారు. రెండు జంతువులు జతకట్టి సంతానం కలిగితే అవి ఆదిలో సృష్టించిన ఒకే రకానికి చెందినవని ఆయన కొలమానం. 1990లో కర్ట్ వైజ్ దీన్ని ‘బారమినాలజీ’ అనే పద్ధతిగా ప్రతిపాదించారు. తర్వాత జీవుల పోలికలను లెక్కగట్టే గణాంకాలూ వచ్చి చేరాయి.

గుర్రానికీ గాడిదకూ కంచరగాడిద పుడుతుంది, నిజమే. అవి దగ్గరి చుట్టాలే. అయితే ఆ చుట్టరికం ఎంత దూరం పోతుందో పరిశీలించి తెలుసుకోవాలి. మనిషికీ చింపాంజీకీ మధ్య గోడ ఉండి తీరాలని ఈ పద్ధతిలో ముందే తీర్మానించుకున్నారు. ఆధారాలు ఏం చెప్పినా ఆ గోడ కదలదు. జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా దైవభక్తుడే, జాతులను దేవుడే చేశాడని నమ్మినవాడే. అయినా 1758లో తిమింగలాన్ని చేపల్లోంచి తీసి, పాలిచ్చే జంతువుల్లో చేర్చాడు. మనిషిని కోతులున్న వర్గంలోనే ఉంచాడు. కళ్లు చూసినదాన్ని ఆయన విశ్వాసం అడ్డుకోలేదు.

పిల్లుల సంగతే చూడండి. ఈ కుటుంబంలో నేడు సుమారు 40 జాతులున్నాయి. నల్లమల పులి, మన కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి బతికే నీటిపిల్లి అందులోవే. ఇవన్నీ బైబిలు ప్రళయకథలోని నోవహు ఓడలో ఉన్న ఒక్క జంట నుంచి సుమారు నాలుగున్నర వేల ఏళ్లలో వచ్చాయని సృష్టివాదుల లెక్క. అంత వేగమైన మార్పును డార్విన్ కూడా ఊహించలేదు. 2010లో టాడ్ వుడ్ అనే సృష్టివాది ఆ గణాంక పద్ధతినే వాడి, ఆస్ట్రలోపిథెకస్ సెడీబా అనే, మనిషి పోలికలూ వాలిడి పోలికలూ ఉన్న ప్రాచీన జీవిని మనిషి గడిలో చేర్చారు. తోటి సృష్టివాదులే ఒప్పుకోలేదు.

బైబిలుకు ఈ భారం అక్కర్లేదు. లేవీయకాండం 11వ అధ్యాయం గబ్బిలాన్ని పక్షుల వరుసలో చెబుతుంది. అక్కడి ప్రశ్న ఏది తినవచ్చు, ఏది తినకూడదు అన్నదే, ఏది దేని సంతతి అన్నది కాదు. మన చేపల బజారులో పీతను, రొయ్యను చేపల పక్కనే అమ్ముతారు. సముద్రంలో ఉన్నప్పుడు విలస అన్న చేపనే వరద గోదారికి ఎదురీదాక పులస అంటారు. వాడుక కోసం చేసుకున్న విభజనలు ఇవి. వీటిలో తప్పేమీ లేదు, వీటిని జీవశాస్త్రం అని పిలవనంత వరకూ.

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి పరిణామ సిద్ధాంతం పాఠాన్ని తీసేశారు. బడిలో వినని విషయానికి బదులుగా ఈ పట్టిక పిల్లల చేతికి వస్తే, దాన్ని సరిచేసే వారెవరు? 1830ల్లో నరసాపురం చేరిన మిషనరీల నాటి నుంచీ మన సంఘాలు చదువును దైవకార్యంగా చూశాయి. సంఘ పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను: విశ్వాసాన్ని విశ్వాసంగానే బోధించండి, ఆ శీర్షిక తీసేయించండి. మీ పత్రిక పిల్లల పేజీలో కోరింగ జీవుల బంధుత్వాల గురించి వరుసగా కొన్ని వారాలు రాయించండి. వచ్చే వేసవిలో ఏ సంఘమైనా పిల్లలను ఒక పూట కోరింగకు తీసుకెళితే నేనూ వస్తాను. రెక్కల మీద బురదలో పాకుతూ, తడి చర్మంతో గాలి పీల్చుకునే చేపను అక్కడ వాళ్లకు చూపించాలి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, అమలాపురం