మూడో కిక్కు

ట్రిప్లికేన్, చెన్నై
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

మొన్న ఫోన్‌లో "బాగున్నాయమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. అబద్ధం కాదు గానీ సగమే చెప్పాను. ఆ యూట్యూబ్ అబ్బాయి టీషర్టులకూ కప్పులకూ అని నువ్వు గీసి వాట్సాప్‌లో పంపిన ఐదు బొమ్మల్నీ అప్పటినుంచి పెద్దవి చేసి, చిన్నవి చేసి చూస్తూనే ఉన్నాను. మిగతా సగం ఫోన్‌లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు. అందుకే ఈ ఉత్తరం.

ఆ అబ్బాయి పాత స్కూటర్ మీద బెంగళూరు సందుల్లో ఇడ్లీ బళ్లు వెతుక్కుంటూ తిరుగుతాడన్నావు కదా. రాత్రి భోజనాలయ్యాక అమ్మా నేనూ అతని వీడియోలు పద్నాలుగు చూశాం. చట్నీల గురించి అతను చెప్పేది అమ్మకు ఒక్కటీ నచ్చలేదు. నన్ను మాత్రం ఆపనివ్వలేదు.

నీ మొదటి మూడు బొమ్మల్లోనూ అతని మొహమే. నల్ల కళ్లద్దాలు, నెత్తిన కిరీటం, వెనకాల విధానసౌధ. పోలిక బాగా కుదిరింది. కానీ కొన్నవాడు అది తొడుక్కుని ఎక్కడికి వెళ్తాడు? ముప్ఫై ఏళ్లు స్క్రీన్ ప్రింటింగ్ చేసినవాణ్ణి, హీరోల మొహాలూ లీడర్ల మొహాలూ ఎన్ని వేశానో లెక్కలేదు. ఎలక్షన్లు అయిపోయాక ఆ బనియన్లు ఏమయ్యేవో నీకు తెలుసు. నీ చిన్నప్పుడు మన ఇల్లు తుడిచింది వాటితోనే. డబ్బిచ్చి కొన్న బట్టకు ఆ గతి పట్టకూడదు.

నాలుగోది, డబరా గ్లాసు, పొగలోంచి అక్షరాలు. ముచ్చటగానే ఉంది, కాకపోతే ఇలాంటిది ప్రతి షాపులోనూ వేలాడుతోంది.

ఐదోదానిలో ఓ మూలన బొటనవేలంత స్కూటర్ గీశావు చూడు, ఖాళీ నింపడానికి వేసుంటావు. నాకు నచ్చింది అదే. ఆ బండి ఏ వీడియోలోనూ మూడో కిక్కుకు గానీ స్టార్ట్ కాదు. నాలుగో వీడియో వచ్చేసరికి అమ్మ "ఒకటి... రెండు..." అని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చూసేవాళ్లంతా ఇదే పని చేస్తుంటారు. ఆ స్కూటరూ, కింద "మూడో కిక్కు" అన్న రెండు మాటలూ, అంతే వెయ్యి. చానెల్ పేరు కావాలంటే మెడ వెనక లేబుల్ మీద వేయించుకోమను. తెలిసినవాడు బస్సులో చూసి నవ్వుకుంటాడు, తెలియనివాడు ఏంటిది అని అడుగుతాడు.

ఇక అచ్చు సంగతి. ఐదో బొమ్మలో పదకొండు రంగులు లెక్కపెట్టాను. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్. నల్ల బట్టయితే రంగులు తేలడానికి అడుగున తెల్ల పూత వెయ్యాలి, దానికి ఇంకొకటి. యాభై టీషర్టులకు పన్నెండు స్క్రీన్లు కడితే అతనికి ఏం మిగులుతుంది? ఇప్పుడు డీటీఎఫ్ వచ్చింది, రంగులకు లెక్క లేదు, ఫిల్మ్ మీద అచ్చేసి వేడి ప్రెస్‌తో అంటిస్తారు అంటావు. నిజమే. కానీ ఛాతీ నిండా పెద్ద బొమ్మ అంటిస్తే ప్లాస్టిక్ సంచి కట్టుకున్నట్టే, గాలాడదు. బెంగళూరులో నీకు తెలియదేమో, మే నెలలో ఇక్కడికొచ్చి తొడుక్కుని చూడు. మూడు రంగుల్లో తెమిల్చు.

తెలుగు అక్షరాలు చేత్తో రాయి. బాపుగారు ఉన్న ఊళ్లో పుట్టావు, ఆయన చేతిరాత ఫాంటుగానే దొరుకుతుంది, కానీ అది చూస్తే ఆయనే గుర్తొస్తారు తప్ప ఈ స్కూటర్ కాదు. "క్కు" కింది ఒత్తు మరీ సన్నగా లాగకు, స్క్రీన్‌కు కట్టే జల్లెడ గుడ్డలోంచి సిరా దిగదు. అక్షరాల కడుపులు ఇరుకుగా ఉంచినా సిరా పూడుకుపోతుంది. ఒకవేళ టైపే చేస్తే, ఫైలు పంపేముందు ఔట్‌లైన్స్ చేసెయ్, అంటే అక్షరాల్ని బొమ్మగా మార్చెయ్. లేకపోతే అవతలి కంప్యూటర్లో ఒత్తు పక్కకు జరిగిపోతుంది, తెలుగు రాని ప్రింటరు దాన్ని అలాగే అచ్చేస్తాడు.

కప్పుకు ఇదే బొమ్మ తిప్పి వెయ్యకు. తాగేవాడికి ఒక పక్క కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్నవాడికి రెండో పక్క. ఎదుటివాడి వైపు బండి ఆగి ఉండాలి, తాగేవాడి వైపు పరిగెత్తుతుండాలి. ఇది నా ఐడియా, డబ్బులు అడగనులే.

డబ్బులంటే గుర్తొచ్చింది. "ముందు కాన్సెప్టులు చూపించు, తర్వాత చూద్దాం" అన్నాడట కదా ఆ అబ్బాయి. గీసినందుకు ఒక ఫీజు, అచ్చేసుకునే హక్కుకు ఒక ఫీజు, రెండూ విడిగా అడుగు. హక్కు రాసివ్వడమంటే కాగితం మీద సంతకం ఉండాలి, 1957 కాపీరైట్ చట్టంలోనే ఉంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లని లెక్క. టీషర్టు, కప్పు, స్టిక్కరు అని దేనికిస్తున్నావో పేరుపేరునా రాయించు. 1994లో ఒక మిఠాయి కొట్టుకు నేను గీసిన నెమలి ఇప్పటికీ వాళ్ల డబ్బాల మీద ఉంది. నాకు ముట్టింది నూట యాభై రూపాయలూ అర కిలో మైసూర్‌పాకూ. దారిన పోతూ ఆ డబ్బా చూసినప్పుడల్లా అమ్మ నా వంక చూస్తుంది, ఏమీ అనదు.

మొదటి శాంపిల్ ఇక్కడికే పంపు. అమ్మ ఐదుసార్లు ఉతికి డాబా మీద ఆరేశాక సంగతి చెబుతాం. నాకు ఎక్స్‌ఎల్. తనకు వద్దంటోంది, అయినా ఎం ఒకటి కలుపు.

నాన్న