మట్టి బొత్తాలకు రంగు తర్వాత, ముందు కాల్పు

సంపాదకులకు నమస్కారం.

మట్టి నగల తయారీ మీద మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాం. ఫొటోలు బాగున్నాయి. జుంకీలకు ఏ రంగు మీద ఏ రంగు వేయాలో వివరంగా రాశారు. కాల్చడం గురించి మాత్రం ‘ఆ తర్వాత కాలుస్తారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. శిక్షణ శిబిరాల్లోనూ ఇదే వరస. సగానికి పైగా సమయం యాక్రిలిక్ రంగులకే పోతోంది. సరిగా కాలని నగకైనా, బట్టలకు కుట్టే మట్టి బొత్తానికైనా ఎంత రంగు పూసినా అంచులు పొడిపొడిగా రాలుతాయి. ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ ఆ పక్కకు రారు.

ముందు మట్టి సంగతి. మన చెరువు మట్టిలో నత్తగుల్లల ముక్కలు, సున్నపు పలుకులు ఉంటాయి. కాలినప్పుడు అవి సున్నంగా మారతాయి. బయటికి తీశాక గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, పైనున్న మట్టిని పెచ్చుగా లేపేస్తాయి. కుండ మీదైతే ఆ పెచ్చును ఎవరూ పట్టించుకోరు. 15 మిల్లీమీటర్ల బొత్తాం మీద లేస్తే పువ్వు రేకు మొత్తం పోతుంది. అందుకని మట్టిని బాగా నానబెట్టి, పలుచగా కలిపి, 80 నంబరు (అంగుళానికి 80 కన్నాలుండే) జల్లెడలో వడగట్టాలి. మట్టి అడుక్కి చేరాక పైన తేరిన నీళ్లు వంచేసి, ముద్ద కట్టేదాకా ఆరనిచ్చి, తడిగుడ్డ కప్పి కనీసం వారం రోజులు మాగనివ్వాలి.

మట్టి ఎంత కుంచించుకుపోతుందో ఎవరికి వారు చూసుకోవాల్సిందే. పచ్చి పలక మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆరబెట్టి, కాల్చి, మళ్లీ కొలవాలి. 9 సెంటీమీటర్లకు వచ్చిందంటే నూటికి పది తగ్గినట్టు. అప్పుడు 18 మిల్లీమీటర్ల బొత్తాం కావాలంటే అచ్చు 20 ఉండాలి.

ఉబ్బెత్తు నగిషీకి ప్రాణం అచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణల మీద నగిషీ చెక్కే పనివాళ్లున్నారు. లతలు, పద్మాలు వాళ్లకు చేతి వాటం. నమూనాలు వాళ్ల చేత చెక్కిస్తే బజారులో దొరికే రబ్బరు అచ్చుల అవసరమే ఉండదు. ఒక్క మాట చెప్పి చెక్కించాలి: నగిషీ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు, అంచులన్నీ ఏటవాలుగా రావాలి. నిట్టనిలువుగా ఉంటే మట్టి అచ్చులో పట్టేస్తుంది. అంచు లోపలికి ఒరిగితే విరిగే వస్తుంది. చెక్క నమూనాకి సబ్బు నురగ పట్టించి తుడిచి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. కిలో పొడికి సుమారు 700 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలో పొడి చల్లాలి గానీ పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. అచ్చును నీడనే ఆరనివ్వాలి. పొయ్యి పక్కన పెట్టి తొందరపడితే ప్లాస్టర్ పిండైపోతుంది. అచ్చు అంచు నుంచి రాలిన పలుకు మట్టిలో కలిసినా పైన చెప్పిన సున్నం గొడవే వస్తుంది.

కాల్చిన మట్టి అచ్చు ఇంకా మన్నుతుంది. అయితే తరుగు రెండుసార్లు లెక్కేసుకోవాలి: 20 మిల్లీమీటర్ల నమూనా మీద తీసిన అచ్చు కాలాక 18 అవుతుంది, అందులోంచి వచ్చిన బొత్తాం 16 దగ్గర తేలుతుంది.

అచ్చులో మట్టిని మధ్య నుంచి అంచులకు ఒత్తాలి. లేకపోతే పువ్వు నడుమ గాలి చిక్కి గుంట పడుతుంది. బొత్తాం 3, 4 మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. గోరు నొక్కితే గుర్తు పడుతూ, వంచితే వంగనంత ఆరాక రంధ్రాలు వేయాలి. సూదితో పొడిస్తే చుట్టూ మట్టి ఉబికి చీలుతుంది. ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ గుచ్చి తిప్పితే రంధ్రంలోని మట్టి గొట్టంలోకి వచ్చేస్తుంది. రంధ్రం అంచుల్ని తడి వేలితో నునుపు చేయకపోతే దారం కోసుకుపోతుంది. తర్వాత రెండు పలకల మధ్య పాత పేపరు వేసి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే వంకర పోతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

ఇక కాల్పు. ఆకులు, పిడకలు, గడ్డి వేసే కుమ్మరి ఆవంలో వేడి ఒక్కో మూల ఒక్కోలా ఉంటుంది. పెద్ద కుండకు అది సరిపోతుంది. చిన్న సరుకును మాత్రం నేరుగా పెట్టకూడదు. ఒక కుండలో సర్ది మూకుడు మూయాలి. ఆ కుండలో ఊక నింపి మూత అంచుకు మట్టి మెత్తితే పొగ పట్టి చిక్కటి నలుపు వస్తుంది. అది ఏ యాక్రిలిక్ రంగూ ఇవ్వని నలుపు. ఎరుపు కావాలంటే ఊక వద్దు, గాలి ఆడాలి. రోజూ ఉతికే బట్ట మీది బొత్తానికి ఈ వేడి చాలదు. 950 నుంచి 1000 డిగ్రీలు కావాలి, అందుకు కరెంటు కొలిమి ఉండాలి. మొదటి 2 గంటలు కొలిమి మూత కొద్దిగా తెరిచి 120 డిగ్రీలు దాటనివ్వకూడదు. తడి ఉంటే ఆవిరి సరుకును పేల్చేస్తుంది. తర్వాత గంటకు 100 డిగ్రీల చొప్పున 600 దాకా వెళ్లాలి. మట్టిలోని క్వార్ట్జు (పలుగురాయి) 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి సైజు మారుతుంది. చల్లారేటప్పుడు ఆ మెట్టు తొందరగా దాటితే సన్నటి పగుళ్లు వస్తాయి. అందుకే 100 లోపు వచ్చేదాకా మూత తీయకూడదు.

పొందూరు ఖాదీ లాల్చీకి ప్లాస్టిక్ బొత్తాలు కుట్టడం మాకు నచ్చదు. అలాగని మట్టి బొత్తాం కుట్టేస్తే సరిపోదు. గ్లేజు (కాలాక గాజులా మారే పూత) లేని మట్టి గంజినీ నీలాన్నీ పీల్చుకుంటుంది, రేవులో బండ దెబ్బకు రెండు ముక్కలవుతుంది. వెనకటి పెద్దలు లాల్చీకి పెట్టుకున్న విడి గుండీలే దీనికి సరైన దారి: ఉతికే ముందు తీసెయ్యొచ్చు. గుండీ వెనక కాడకు హీటరు కాయిల్‌లోని నైక్రోమ్ తీగ వాడాలి. దాన్ని పచ్చి మట్టిలోనే గుచ్చి కాల్చొచ్చు. రాగి తీగ మాడి పొరలుగా రాలిపోతుంది. గ్లేజు సీసం లేనిదే కొనాలి, పలచటి మజ్జిగలా కలపాలి. చిక్కగా పూస్తే నగిషీ పూడిపోతుంది. పలచనైతే ఎత్తుల మీద జారి గుంటల్లో చేరి, పువ్వు గీత గీతా కనిపిస్తుంది. కాల్చేటప్పుడు కాడల్ని నైక్రోమ్ తీగకు వేలాడదీయాలి, లేదంటే పలకకు అతుక్కుపోతాయి.

ఒక్కో డ్వాక్రా సంఘం ఒక్కో కొలిమి కొనలేదు. పొందూరు, బొబ్బిలి వంటి చోట్ల నాలుగైదు మండలాలకు కలిపి ఒక చిన్న కొలిమి పెట్టి, ట్రేకింత అని రుసుము తీసుకుంటే రంగు డబ్బాలకు పెట్టే ఖర్చు దీనికి మళ్లుతుంది. అందాకా శిబిరాలకు వెళ్లే అక్కచెల్లెళ్లు ఒక పని చేయాలి. అక్కడ చేసిన, రంగు వేయని నగ ఒకటి అడిగి తీసుకుని, రాత్రంతా నీళ్లలో ఉంచి, పొద్దున గోటితో గీరి చూడండి. బురద వస్తే అది కాలలేదు. ఆ పరీక్షకు ఒప్పుకోని శిబిరానికి ఫీజు కట్టొద్దు.

— మట్టిపని నేర్పే కొందరం, విజయనగరం